పరుల నోట పెరిగెడు మీనము

బోరుబావి నీటితో సంసారము నెట్టుకొనివచ్చు గృహిణులకు ఆ నీటిపై గల ఫిర్యాదులను నేను క్రొత్తగా వర్ణింపనక్కరలేదు. కందిపప్పు ఎంతసేపు పొయ్యిమీద నుంచినను మెదగదు. సబ్బు నురుగు కట్టదు. నీళ్లు కాచు పాత్రల అడుగున తెల్లని పెచ్చు పేరుకొనును. కుళాయి మూతులు ఏడాది తిరుగకుండనే గారపట్టి బిగిసిపోవును. తెలంగాణమునందును రాయలసీమయందును పెక్కు ప్రాంతములలో రాతిపొరల సందులనుండి పైకి వచ్చు నీటిలో సున్నము, మెగ్నీషియము మొదలగు లవణములు మిక్కుటముగ కరిగియుండుటయే దీనికి హేతువు. ఇండ్లలో ఉప్పునీళ్లనియు, పాఠ్యపుస్తకములలో కఠినజలమనియు పేరుపడిన ఈ నీరు, గాజుతొట్టిలో చేపలను పెంచదలచిన వారికిని మొదటినుండి అడ్డంకియే. ఏలయన, అంగళ్లలో విరివిగ దొరకు రంగుచేపలలో అమెజాను అడవుల మృదుజలమునకు అలవాటుపడిన జాతులు అనేకము, వాటికి ఈ నీరు పొసగదు. అయితే ఇట్టి నీటినే కోరి, ఇట్టి నీటియందే వంశాభివృద్ధి నొందు మీనజాతులును కొన్ని కలవు. వాటిలో ఒకదానిని గూర్చి, మన దేశమున బహు కొద్దిమంది ఇండ్లలో మాత్రమే కానవచ్చు ఒక మీసాల చేపను గూర్చి, ఈ పూట ముచ్చటింతును.

ఆఫ్రికా ఖండమున తూర్పుదిక్కున, భూమి నిలువున చీలి క్రుంగిన మహాగర్తములలో, టాంగన్యీకా అను సరస్సు కలదు. ఉత్తరదక్షిణములుగ సుమారు 670 కిలోమీటర్ల పొడవు సాగి, లోతున 1,470 మీటర్ల వరకు దిగిన ఈ జలరాశిని టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా దేశములు నాలుగును పంచుకొనుచున్నవి. లోతున దీనిని మించిన సరస్సు సైబీరియాలోని బైకాల్ ఒక్కటియే. బర్టన్, స్పీక్ అను ఆంగ్ల యాత్రికులు 1858లో దీని తీరమును చేరిరనియు, ఆ తీరముననే ఉజీజీ గ్రామమున 1871లో లివింగ్‌స్టన్‌ను స్టాన్లీ కలిసికొనెననియు చరిత్ర చదివినవారికి తెలియును. యాత్రికుల చరిత్ర అటుంచి, సరస్సుయొక్క సొంత చరిత్ర తొంబది లక్షల సంవత్సరములకు తక్కువ లేదని భూగర్భశాస్త్రజ్ఞుల యంచనా. ఇంత దీర్ఘకాలము తక్కిన జలములతో సంబంధము అంతంతమాత్రముగ నుండుటచే, ఇందలి చేపలు తమలో తామే చీలి శాఖోపశాఖలై, లోకమున మరెచ్చటను లేని జాతులుగ పరిణమించినవి. ఒక్క సిక్లిడ్ కుటుంబమునకు చెందినవే రెండువందలకు పైగా కలవు. బయటికి పారు నీటికంటె ఆవిరియై పోవు నీరే హెచ్చగుటచే లవణములు నిలిచి, నీటి క్షారగుణము పి.హెచ్. మానమున 9కి చేరువగ నుండును. పైపొరలలో తప్ప అట్టడుగున ప్రాణవాయువు లేదు. కావున ఆ మహాగాధమున చేపలు నివసించునది మీదనున్న పలుచని పొరలో మాత్రమే.

1895–96లో మూర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సరస్సులో చేపలను సేకరించి లండనుకు గొనిపోగా, బ్రిటిష్ మ్యూజియమున నుండిన బూలెంజర్ వాటిని పరిశీలించి, 1898లో ప్రకటించిన జాతులలో ‘సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్’ ఒకటి. పెంపకందార్లు దీనిని కుకూ క్యాట్‌ఫిష్ అందురు. నేను ఈ ప్రసంగమున కోకిలజెల్ల యని పిలిచెదను. జెల్లలతో దీనికి దూరపు చుట్టరికము మాత్రమే యైనను, పొలుసులు లేని ఒడలు, నోటిచుట్టు మీసములు, ఱొమ్మురెక్కల మొదట గట్టి ముండ్లు గల ఈ చేపను చూచిన మన పల్లెకారులు అంతకంటె వేరు పేరు పెట్టరనుకొందును.

రూపము చూడ ముచ్చటైనది. వెండిచాయకు లేబంగారు పూత పూసినట్టి శరీరము. దానిపై నల్లని గుండ్రని చుక్కలు. ఉదరభాగమున చుక్క లేక స్వచ్ఛమైన తెలుపు. వీపురెక్క నల్లని త్రికోణము, దాని అంచున తెల్లని గీత. ఱొమ్మురెక్కలకును అట్టిదే అంచు. తోకకు రెండు నల్లని చారలు. కన్ను పెద్దది, ఎంత పెద్దదనగా తక్కిన మీసాల చేపల చీకటి బ్రతుకు దీనిది కాదని చూచినంతనే తోచును. నిజమే, ఈ కుటుంబపు చేపలు సాధారణముగ పగలెల్ల రాళ్లక్రింద నక్కి రాత్రివేళ సంచరించుచుండగా, ఇది పగటిపూట గుంపులుగ బయటికి వచ్చి తిరుగును. తొట్టిలో పెరిగినది జానెడు దాటుట అరుదు. శ్రద్ధగ చూచుకొన్నచో పదేండ్లకు పైబడి జీవించును.

ఈ సైనోడాంటిస్‌లు ఆఫ్రికాలో నూటికి పైగా జాతులు. నైలునదిలోని ఒక జాతి కడుపు పైకి పెట్టి వెల్లకిల ఈదును. ప్రాచీన ఈజిప్టువారు సమాధుల గోడలపై దానిని అట్లే చిత్రించిరి, పసిడితో ఆ చేప రూపమున పతకములు చేయించి బాలికల జడలకు వ్రేలాడదీసిరి. సైనోడాంటిస్‌లు కీచుమని శబ్దము చేయగలవు. నీటినుండి తీయగానే ఱొమ్ముముల్లును దాని కీలుగుంటలో రాపాడించి ఆ ధ్వనిని పుట్టించును. వినుటయందును గట్టివే: గాలితిత్తికిని లోచెవికిని నడుమ చిన్న యెముకల గొలుసొకటి అమరి, నీటిలోని స్వల్పకంపనమును సైతము చెవికి చేరవేయును. తొట్టి దగ్గరకు వచ్చిన పిల్లలు గాజుమీద వ్రేళ్లతో దరువు వేయుట మాన్పింపవలసినది అందుకొరకే.

ఇక దీని ప్రసిద్ధికి కారణమైన విషయమునకు వత్తును. అందుకు ముందు సిక్లిడ్‌లలో పెక్కింటికి గల ఒక కులాచారమును చెప్పవలెను. 1952లో మన దేశమునకు తేబడిన మొజాంబిక్ తిలాపియాను శ్రోతలలో ననేకులు ఎఱుగుదురు. చెరువులలో పెరిగి అంగళ్లకు వచ్చు చేపయే. ఆ తిలాపియాయు సిక్లిడ్ కుటుంబపుదే, దాని తల్లియు గ్రుడ్లను నోట పొదుగునదే. టాంగన్యీకా సిక్లిడ్‌లలో పలు జాతుల ఆడుచేప ఇసుకమీద ఒకటి రెండు గ్రుడ్లు విడుచును. విడిచిన మరుక్షణమే వెనుకకు తిరిగి వాటిని నోట నందుకొనును. మగచేప ఆసనపు రెక్కపై గ్రుడ్లను పోలిన పసుపుచుక్కలు ఉండును. అవియు తన గ్రుడ్లే యని భ్రమసి ఆడుది వాటికడ నోరు చేర్పగా, మగది బీజద్రవమును విడుచును. గ్రుడ్లు తల్లినోటనే ఫలించును. ఈ చుక్కల రహస్యమును 1962లో విక్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. అటుపిమ్మట సుమారు మూడు వారములు ఆ తల్లి ఇంచుమించు నిరాహారముగ నుండి, గ్రుడ్లను నోటిలోనే కదలించుచు, ప్రాణవాయువు అందునట్లు చేయుచు, పిల్లలు ఈదగలిగిన పిదపనే బయటికి విడుచును. శత్రువుల కందరాని చోటు ఇంతకంటె వేరొకటి కలదా యని తోచును గదా.

ఆ చోటిలోనికే ఈ కోకిలజెల్ల తన సంతతిని చేర్చును. సిక్లిడ్ జంట గ్రుడ్లు పెట్టుటకు ఆరంభించిన జాడ తెలియగానే జెల్లలు గుంపుగ వచ్చి మీదపడును. అవి సిక్లిడ్ గ్రుడ్లను కొన్నింటిని మ్రింగును; ఆ సందడిలోనే తమ గ్రుడ్లను అచ్చట విడుచును. ఆడు సిక్లిడ్ కలవరపడి, త్వరత్వరగ కనబడిన గ్రుడ్డునెల్ల నోటికెత్తుకొనును. తనవేవో పరాయివేవో చూచుకొను వ్యవధి ఆమెకు లేదు. జెల్ల గ్రుడ్లు ముందుగ పొదుగబడును. ఆ పిల్లలు తమ కడుపుకు అంటియున్న సొన తరిగిన పిదప, తల్లినోటిలోనే, అప్పుడే పుట్టుచున్న సిక్లిడ్ పిల్లలను ఒక్కొక్కటిగ భక్షించి పెరుగును. గడువు తీరి ఆ తల్లి నోరు తెరచునప్పుడు బయటికి వచ్చునవి మీసములు గల పిల్లలు. ఈ వృత్తాంతమును టాంగన్యీకా సరస్సులో స్వయముగ పరిశోధించి, ఆరు జాతుల సిక్లిడ్‌ల నోళ్లలో జెల్లపిల్లలను కనుగొని, 1986లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించినవాడు సాతో అను జపాను శాస్త్రజ్ఞుడు.

కాకిగూటిలో పెరుగు కోకిలను ఎఱిగిన మనకు ఈ కథ అపూర్వముగ తోపకపోవచ్చును. కాని భేదము కలదు. కోకిలపిల్ల కాకిపిల్లల మేతను కాజేయునే కాని, వాటినే మేతగ చేసికొనదు. ఈ జెల్లపిల్లకో రక్షణయు పెంపుడుతల్లియే, అన్నమును ఆమె కడుపుపంటయే. వెన్నెముక గల జీవులలో ఇట్లు తప్పనిసరిగ పరులచే పిల్లలను పెంచుకొనునవి పక్షులలో గాక, ఇప్పటికి తెలిసినంతలో, ఈ చేపలు మాత్రమే. దీనిని క్రౌర్యమనవలెనా యని నన్నడిగినవారు కలరు. మంచిచెడ్డల తూనిక మనుష్యులకు మాత్రమే నిర్మింపబడినదని నా నమ్మకము. చేపను దానిలో పెట్టి తూచుట నాకు రుచింపదు. అయినను, ఈ చేపను తెచ్చి ఇంట పెట్టుకొన్న మనుష్యునికి ఆ తూనిక వర్తింపకపోదు. సరస్సులో జరుగునది సరస్సు వ్యవహారము. తొట్టిలో జరుగునదానికి తొట్టి యజమాని బాధ్యుడు. ఏ జెల్లకు ఏ సిక్లిడ్‌ను తోడుగ నుంచవలెనో నిర్ణయించువాడు ఆయనయే గనుక.

ఈ నిర్ణయము ఎంత బరువైనదో 2018లో చెక్ దేశపు పరిశోధకులు ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము వలన తెలియవచ్చినది. వారు కోకిలజెల్లలను రెండు తెగల సిక్లిడ్‌లతో కలిపి పరిశీలించిరి: లక్షల యేండ్లుగ ఈ జెల్లతో సహవాసము చేసిన టాంగన్యీకా తెగ యొకటి, దీని ముఖమే చూచియెఱుగని ఇతర సరస్సుల తెగ మరొకటి. క్రొత్త తెగవారు సులువుగ మోసపోయిరి. పాత తెగవారిలో గ్రుడ్లను నిరాకరించు శక్తి కనబడినది. అందును ఒకసారి మోసపోయి బుద్ధి తెచ్చుకొన్న ఆడుచేపలు, నోటిలోని గ్రుడ్లను ఉమియుటకైనను సాహసించి, పరాయిపిల్లల బారినుండి తప్పించుకొనుట నేర్చినవి. అయితే ఉమిసినప్పుడు తన గ్రుడ్లును పోవును. ఆత్మరక్షణకు అది చెల్లించు వెల అల్పమైనది కాదు. ఇండ్లలో ఈ జెల్లలచే పిల్లలు పెట్టింపదలచువారు మలావీ, విక్టోరియా సరస్సుల సిక్లిడ్‌లను తోడు తెచ్చుటకు మూలమిదియే. అనుభవము లేనివారిని ఎంచుకొని మోసమునకు ఒప్పగించుచున్నామని తెలిసియే ఆ పని చేయవలెను.

తొట్టి విషయమునకు వత్తము. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే యెత్తు గల గాజుతొట్టి ఈ చేపకు కనీసపు గృహము. అందు సుమారు 250 లీటర్ల నీరు పట్టును. గాజు, రాళ్లు, నీరు కలిసి బరువు 300 కిలోలు దాటును గనుక, పీట గట్టిదై, నేల చదునుగ నుండవలెను. ఈ జెల్ల ఒంటరిగ నున్నచో బెదరి మూలల నక్కును. ఐదారింటిని కలిపి పెంచినపుడే దాని చురుకుదనము చూడవచ్చును. అడుగున మెత్తని ఇసుక పరచవలెను; మీసములతో ఇసుకను తడవుచు మేత వెదకు జీవికి పదునైన గులకరాళ్లు గాయములు చేయును. తొట్టిలో రాతి గుహలును కట్టవలెను. ఈ విషయమున తెలుగువారు అదృష్టవంతులు. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు అన్నియు సున్నపురాతి జాతులే. ఇండ్లకు నేల పరచగా మిగిలిన ముక్కలను అంచులు అరగదీసి, కడిగి, ఒకదానిపై నొకటి పేర్చినచో గుహలు సిద్ధమగును. అవి నీటి కాఠిన్యమును తగ్గనీయవు. అయితే బండలు ఇసుకమీద గాక గాజు అడుగుమీదనే ఆనవలెను. జెల్లలు ఇసుకను త్రవ్వగా గుహ కూలి గాజు పగిలిన యిండ్లు లేకపోలేదు.

నీటిని గూర్చి కొంత తీరికగ చెప్పవలసియున్నది, ఏలయన ఇచ్చటనే పలువురు పొరబడుదురు. బోరుబావి నీరు టాంగన్యీకా నీటికి చుట్టమే కాని ప్రతిబింబము కాదు. మన నీటిలో సున్నము పాలు హెచ్చు. ఆ సరస్సులో మెగ్నీషియము, సోడియముల బైకార్బనేటులు ప్రధానము. కావున నీటిని పరీక్షించి, పి.హెచ్. 8కి తక్కువగ నున్నచో కొంచెము వంటసోడాను, మెగ్నీషియమునకై మందులషాపులో దొరకు ఎప్సమ్ సాల్టును, కొలతతో, దినదినము కొద్దికొద్దిగ కలిపి సరిచేసికొనవచ్చును. ఒక్క దినమున పెద్ద మార్పు చేసినచో చేప తట్టుకొనలేదు. నదినీరు కుళాయిలో వచ్చు పట్టణములవారు క్లోరినును పోగొట్టిన పిదపనే ఆ నీటిని తొట్టిలో పోయవలెను. సోడియమ్ థయోసల్ఫేటు పలుకులు కొద్దిగ వేసినచో అది క్షణములలో విరుగును.

క్షారజలమునందు మరియొక అపాయము పొంచియున్నది. చేపల మలమూత్రముల వలనను, తినక మిగిలిన మేత వలనను నీటిలో అమోనియా పుట్టును. అది రెండు రూపములలో నుండును. ఒకటి దాదాపు నిరపాయము, రెండవది విషము. 25 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7 గల నీటిలో విషరూపము నూటికి ఒక పాలైనను ఉండదు. 8 గల నీటిలో అయిదు పాళ్లగును. 9కి చేరునప్పటికి మూడవవంతు దాటును. అనగా మెత్తని నీటిలో చెల్లిపోవు అశుభ్రత ఈ నీటిలో చేపను చంపును. కనుక తొట్టి నింపిన నాడే చేపలను తెచ్చి వదలరాదు. అమోనియాను హరించు సూక్ష్మజీవులు ఫిల్టరులో కుదురుకొనుటకు నెల, నెలన్నర పట్టును. అంతవరకు కొద్దిపాటి మేత మాత్రము వేయుచు, చేపలు లేకుండనే తొట్టిని నడుపవలెను. ఇంటికి వచ్చిన బంధువులు ‘‘ఇన్ని నీళ్లు పోసి చేపలేవి?’’ అని ఎగతాళి చేసినను ఓర్చుకొనవలసినదే. ఆ తరువాత వారమునకొకసారి నాలుగవవంతు నీటిని మార్చుచుండవలెను.

ఈ చేపకు అనుకూలమైన వేడిమి 24 మొదలు 27 డిగ్రీలు. శీతకాలమున మనకు చింత లేదు. చిక్కంతయు వేసవిదే. రోహిణి కార్తెలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటును. వేడెక్కినకొలది నీటిలో ప్రాణవాయువు తగ్గును. చేపలు ఫిల్టరు ధారకడ గుమిగూడి ఆయాసపడుచుండును. తొట్టి మూత తీసి, జాలి కప్పి, నీటి ఉపరితలముమీదికి చిన్న విద్యుత్పంకా త్రిప్పినచో ఆవిరి లేచి రెండు మూడు డిగ్రీలు దిగును. ఆవిరియైన మేరకు మరల బోరునీరు పోయుట తగదు. ఆవిరిలో పోవునది నీరే కాని లవణములు కావు. పైపైన బోరునీరే పోయుచున్నచో కొన్ని వారములలో లవణసాంద్రత మితిమీరును. ఆ లోటును ఆర్.ఓ. నీటితో పూరింపవలెను. కరెంటు పోవు వేళలకై బ్యాటరీతో నడచు గాలిపంపు ఇంట నుండి తీరవలెను. నాలుగైదు గంటలు ఫిల్టరు ఆగిపోయిన పిదప కరెంటు వచ్చినంతనే దానిని నడిపినచో, లోపల కుళ్లిన నీరు ఒక్కమారుగ తొట్టిలోనికి దూకును. ముందు ఫిల్టరును తొట్టినీటితోనే కడిగి పిమ్మట నడుపుట క్షేమము.

మేతకు పేచీ లేదు. సరస్సులో నత్తలను, రొయ్యజాతి చిన్న జీవులను, పురుగులను తిను ఈ జెల్ల, తొట్టిలో మునుగు గుళికలను, తరిగిన రొయ్యలను, వానపాములను ఆత్రముతో స్వీకరించును. ఎంత పెట్టిన అంత తినుటకు సిద్ధమగుటయే దీనితో తంటా.

పట్టుకొనునపుడు మాత్రము జాగరూకత వలెను. వల వేసినచో వీపుముల్లును ఱొమ్ముముండ్లును నిటారుగ లేచి బిగుసుకొనును; వాటి అంచున నున్న రంపపుపండ్లు వలదారములలో చిక్కును. విదిలించినకొలది మరింత చిక్కుకొనును. అప్పుడు వలను కత్తెరతో కత్తిరించుట తప్ప వేరుదారి లేదు. ముల్లు చేతికి గ్రుచ్చుకొన్నచో మంట జెల్లముల్లు పోటును ఎఱిగినవారికి చెప్పనక్కరలేదు. టాంగన్యీకా సైనోడాంటిస్‌ల ముండ్లకు విషగ్రంథులు కలవని పరిశోధకులు కనుగొనియున్నారు. కావున వలతో గాక, ప్లాస్టిక్ డబ్బాలోనికి మెల్లగ తోలి, నీటితోనే ఎత్తవలెను. జబ్బు చేసినపుడు రాగి కలిసిన మందులను సామాన్య మోతాదులో పోయరాదు. పొలుసుల కవచము లేని చర్మమునకు అవి కీడు చేయును.

కొనుట మరియొక సమస్య. మన దేశమున రంగుచేపలకు చెన్నపురిలోని కొళత్తూరు పెద్ద అంగడి; ఆఫ్రికా సిక్లిడ్‌లు అచ్చట సమృద్ధిగ పెంచబడుచున్నవి. కోకిలజెల్ల అచ్చటను ఎల్లప్పుడు దొరకదు. దొరకినదెల్ల కోకిలజెల్లయు కాదు. విదేశపు చేపలక్షేత్రములలో వేర్వేరు సైనోడాంటిస్ జాతులను కలిపి పుట్టించిన సంకరములు ఇదే పేరుతో అమ్ముడుపోవుచున్నవి. ఉదరముమీద చుక్కలున్నను, వీపురెక్కయొక్క నలుపు స్పష్టముగ లేక చుక్కలుగ చెదరినను, కన్ను చిన్నదైనను అనుమానింపవలెను. సంకరమును ఎట్టి పరిస్థితిలోను చెరువున గాని కాలువలో గాని విడువరాదు. ఆ మాటకు వచ్చినచో అసలు జాతినైనను విడువరాదు. 1997లోనే నిషేధింపబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఇప్పటికిని మన చెరువులలో దొంగచాటుగ పెంచబడుచున్నదని అందఱును ఎఱుగుదురు. తొట్టిలోని పాచి తినుటకై తెచ్చి, పెద్దదైన పిమ్మట కాలువలో పారవేయబడిన దక్షిణ అమెరికా చేప, మన రైతులు దెయ్యపుచేప యని తిట్టుకొనునట్టిది, కృష్ణా గోదావరి మండలముల చేపలచెరువులకు ఎంత చేటు తెచ్చెనో అచ్చటి రైతుల నడిగినచో చెప్పుదురు.

ఇక పిల్లల సంగతి. నా మిత్రుని యింట మలావీ సిక్లిడ్‌లతో ఈ జెల్లలు పెరుగుచుండగా, ఆ ఘట్టమును నేను దగ్గర కూర్చుండి చూచితిని. మగ సిక్లిడ్ నీలిరంగు ముదిరి, ఒక బండచెంత ఇసుకను పల్లెముగ త్రవ్వి, ఆడుదాని యెదుట ఒడలెల్ల వణకించుచుండెను. అంతవరకు మూల గుహలో ఒరిగియున్న జెల్లలు, ఎవరు కబురు చెప్పిరో గాని, ఒక్కమారుగ బయలుదేరెను. మొదటి గ్రుడ్డు ఇసుకమీద పడునంతలో రెండు జెల్లలు ఆ పల్లెముమీద దొర్లినట్లు పోయినవి. ఇసుక పైకి లేచినది. మగ సిక్లిడ్ ఒకదానిని తరుముచుండగా రెండవది వచ్చెను. దుమ్ము సర్దుకొను లోపల ఆడుచేప రెండు మూడు పర్యాయములు నేలను ఏరుకొనుట మాత్రము కనబడినది. ఏమి ఏరుకొన్నదో కంటికి తెలియలేదు. కొన్ని దినములు గడచిన పిదప, గడ్డము ఉబ్బి, మేత వేసినను దగ్గరకు రాక దూరదూరముగ తిరుగుచున్న ఆ చేపను చూచి, మా మిత్రుని తల్లిగారు, ‘‘పాపము, దీనికి గవదబిళ్లలు లేచినవిరా అబ్బాయీ, పసుపు రాయరాదా?’’ అని జాలిపడిరి.

ఆ దశలో ఆడుచేపను డబ్బాతో మెల్లగ వేరొక తొట్టికి మార్చవలెను. మార్చునపుడు బెదరినచో ఉమియును గనుక, రాత్రివేళ దీపములు ఆర్పి చేయుట మేలు. మూడు వారములకు ఆమె విడుచు పిల్లలలో జెల్లలెన్నియో, సిక్లిడ్‌లెన్నియో, అసలు సిక్లిడ్‌లు మిగిలినవో లేదో అప్పుడే తెలియును, పెక్కుమార్లు మిగులవు. జెల్లపిల్లలు అప్పటికే చిన్న మీసములతో, చుక్కలతో, పెద్దల నమూనాగ నుండును. అప్పుడే పొదుగబడిన ఉప్పురొయ్యల పిల్లలను పెట్టినచో చక్కగ తినును. ఆకలిగొన్నచో తమలో చిన్నవాటినే మ్రింగును. కావున పెద్దచిన్నలను వేరుచేయుచుండవలెను.

చాలమంది పిల్లలమీది సంబరమున ఆ తల్లిని మరచి, పిల్లలు బయటపడిన నాడే తిరిగి పెద్దతొట్టిలో వేయుదురు. మూడు వారములు తిండి లేక ఎండిన ఆ చేపను మగవి వెంటనే తరుముట మొదలిడును, జెల్లలు ఎదురుచూచుచునే యుండును. ఇది నాకు సమ్మతము కాదు. కనీసము మూడు నాలుగు వారములు ఆమెను ఒంటరిగ నుంచి, దినమునకు రెండు మూడుమార్లు కొద్దికొద్దిగ మేత పెట్టి, పొట్ట నిండి రంగు తేరిన పిదపనే గుంపులో చేర్పవలెను. తరువాతి కాన్పులలో ఒకటి రెండైనను, జెల్లలు లేని తొట్టిలో జరుగునట్లు ఏర్పాటు చేసి, ఆమె పిల్లలను ఆమె పెంచుకొననీయవలెను. తొట్టికి మగచేప యొక్కటి, ఆడుచేపలు నాలుగైదు ఉండునట్లు చూచినచో, తరుముడు పంచుకొనబడి, ఏ యొక్కదానిమీదను భారము పడకుండ నుండును.